హాంకౌ రేవు: తలుపు ఒకరిది, తాళపుచెవి ఒకరిది

చైనా దేశపు పటము ముందుంచుకొని దాని తూర్పు భాగపు నడిబొడ్డున వేలు పెట్టినట్లయితే, ఆ వేలు ఇంచుమించుగా హాంకౌ నగరము దగ్గరనే ఆనుతుంది. పడమటి కొండలలోనుండి దిగివచ్చే యాంగ్‌ట్సీ మహానదిలో, వాయవ్య దిశనుండి వచ్చే హాన్ నది ఇక్కడ కలుస్తుంది. ఆ సంగమము చుట్టూ మూడు పట్టణాలు వెలసినవి. యాంగ్‌ట్సీకి ఒక ఒడ్డున, రాజప్రతినిధి కొలువు ఉండిన వూచాంగ్. ఎదుటి ఒడ్డున, హాన్ నదికి ఈవల ఒకటి ఆవల ఒకటిగా, హాన్యాంగ్, హాంకౌ. ఈ మూడింటినీ కలిపి నేడు వూహాన్ అని వ్యవహరిస్తున్నారు. వూచాంగ్ అధికారుల ఊరు. హాంకౌ వర్తకుల ఊరు. 'హాన్ నది నోరు' అనియే ఆ పేరుకు అర్థము.

సముద్రతీరాన ఉన్న షాంఘైనుండి నదిమీద ఎదురెక్కి వస్తే హాంకౌకు సుమారు 1,100 కిలోమీటర్ల దూరము ఉన్నది. అయినను వేసవిలో నది నిండుగా పారే నెలలలో, మహాసముద్రాలు దాటివచ్చిన ఓడలు తిన్నగా ఈ ఊరి ఒడ్డుకే వచ్చి లంగరు వేసేవి. సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఊరు విదేశీయుల రేవు ఎట్లయినది? అందులో ఎవరి పేట ఎక్కడ ఉండేది? సుంకము ఎవరు లెక్కకట్టేవారు, ఎవరి పెట్టెలో పడేది? ఈ చిన్న ప్రశ్నలకు సమాధానాలు వెదుకుతూ పోతే, స్వతంత్ర దేశమని పేరు నిలుపుకొన్న ఒక దేశము తన వాకిటి తాళపుచెవిని ఎట్లు పోగొట్టుకొన్నదో, ఎట్లు తిరిగి సంపాదించుకొన్నదో మనకు బోధపడుతుంది.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించుకొనవలసి ఉన్నది. విదేశీయులు వచ్చిన తరువాతనే ఈ రేవులు నగరములైనవని కొందరు తలుస్తారు. షాంఘై విషయములోనే అది పూర్తిగా నిజము కాదు. హాంకౌ విషయములో బొత్తిగా నిజము కాదు. ఐరోపా ఓడ ఒక్కటి కూడ ఇటు తొంగిచూడక పూర్వమే, చైనాలోని నాలుగు గొప్ప వర్తక పట్టణాలలో హాంకౌ ఒకటిగా లెక్కకు వచ్చినది. తొమ్మిది రాష్ట్రాల దారులు కలిసే కూడలి అని ఆ ప్రాంతానికి పేరు. హూనాన్ బియ్యము, సముద్రతీరపు ఉప్పు, పడమటి కొండల కలప, మందు మూలికలు, నూనెలు, తేయాకు ఇక్కడ చేతులు మారేవి. హాన్ నది ముఖాన తెరచాప పడవలు ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచేవి. ఒక్కొక్క రాష్ట్రమునుండి వచ్చిన వర్తకులు ఒక్కొక్క సంఘముగా ఏర్పడి, తమ దేవతకు గుడి, తమవారికి సత్రము, తమ తగవులకు పంచాయతీ నడుపుకొనేవారు. తూనికలు, కొలతలు, అప్పు గడువులు, రేవులో పడవలు నిలుపుకొనే వంతులు ఈ సంఘాలే చాలవరకు నిర్ణయించేవి. కాబట్టి విదేశీయులు ఇక్కడ వ్యాపారాన్ని సృష్టించలేదు. ఉన్న వ్యాపారాన్ని వెదుకుకొంటూ వచ్చినారు.

వారు వచ్చినది శాంతముగా కాదు. నల్లమందు యుద్ధము ముగిసి 1842లో నాన్‌కింగ్ సంధి జరిగినప్పుడు అయిదు రేవులు తెరువబడినవి. అవన్నియు సముద్రతీరమునకు చెందినవే. దేశము లోపలికి పోవుటకు అవి చాలలేదు. బ్రిటను, ఫ్రాన్సు కలిసి చేసిన రెండవ యుద్ధములో 1858లో టియన్‌సిన్ సంధి కుదిరినది. దాని ప్రకారము యాంగ్‌ట్సీ నది హాంకౌ వరకు విదేశీ నౌకలకు తెరువబడవలెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే బ్రిటిషు రాయబారి ఎల్గిన్ ప్రభువు యుద్ధనౌకలతో హాంకౌ వరకు వచ్చి ఊరు చూచి వెళ్ళినాడు. ఆయన చూచినది చితికిపోయిన ఊరు. అప్పటికి తైపింగ్ తిరుగుబాటు ఆ ప్రాంతాన్ని అల్లకల్లోలము చేసినది. 1852 నుండి 1856 వరకు ఈ మూడు పట్టణాలు పలుమార్లు చేతులు మారి, తగులబడి, పాడువడినవి. బూడిద నుండి తిరిగి లేస్తున్న ఊరిలోనికి 1861లో విదేశీయులు అడుగుపెట్టినారు.

ఆ సంవత్సరము మార్చి నెలలో హ్యారీ పార్క్స్ అనే బ్రిటిషు ఉద్యోగి స్థానిక అధికారులతో ఒక కౌలు పత్రము కుదుర్చుకొన్నాడు. చైనీయుల నగరానికి దిగువగా, యాంగ్‌ట్సీ ఒడ్డున సుమారు అర మైలు పొడవున, దాదాపు 75 ఎకరాల నేల బ్రిటిషు ప్రభుత్వానికి శాశ్వత కౌలుగా ఇవ్వబడినది. దీనినే 'కన్సెషను' అన్నారు. నేల చైనాదే; ఏటేటా కొద్దిపాటి శిస్తు చైనా ఖజానాకు ముట్టేది. కాని ఆ నేలమీద పాలన చైనాది కాదు. బ్రిటిషు ప్రభుత్వము దానిని స్థలాలుగా విభజించి వర్తకులకు దీర్ఘకాలపు కౌలుకు ఇచ్చినది. స్థలాలు గల విదేశీయులు ఓట్లు వేసి పురపాలక సంఘమును ఎన్నుకొనేవారు. పన్నులు వేయుట, రోడ్లు పోయుట, దీపాలు పెట్టుట, పోలీసులను నియమించుట ఆ సంఘము పని. ఆ పేటలో నివసించిన చైనీయులు పన్నులు కట్టేవారు; కాని ఆ ఓటు మాత్రము వారికి లేదు.

మొదట ఒక్క బ్రిటిషువారి పేటయే ఉండేది. జపానుతో జరిగిన యుద్ధములో చైనా 1895లో ఓడిపోగానే తక్కిన రాజ్యాలు కూడ తమ భాగము అడిగినవి. జర్మనీకి 1895లో, రష్యాకు ఫ్రాన్సుకు 1896లో, జపానుకు 1898లో పేటలు లభించినవి. ఇక ఆ నగరములో ఒక బాటసారి ఎట్లు నడిచిపోయి ఉండేవాడో మనము ఊహించుకొనవచ్చును. హాన్ నది ముఖము దగ్గర ఇరుకు సందులు, సంఘాల మందిరాలు, కిక్కిరిసిన అంగళ్ళు గల చైనీయ నగరము. అక్కడనుండి యాంగ్‌ట్సీ ఒడ్డు వెంట దిగువకు నడిస్తే మొదట బ్రిటిషు పేట, దానిని దాటితే రష్యనుల పేట, ఆపైన ఫ్రెంచివారిది, ఆపైన జర్మనులది, అన్నిటికంటె చివర జపానీయులది. ఒక్క పూట నడకలో అయిదు రాజ్యాల చట్టాలు దాటవలసివచ్చేది. ఈ పేట పోలీసువాడికి ఆ పేటలో అధికారము లేదు. బ్రిటిషు పేటలో కాపలా కాసిన పోలీసులలో మన దేశమునుండి వెళ్ళిన సిక్కులు కూడ ఉండేవారు. తాము ఒకరికి లోబడి ఉండి, మరొకరి నేలమీద మూడవవారిని అదుపు చేయవలసిన విచిత్రమైన ఉద్యోగము వారిది.

నది ఒడ్డున రాతికట్ట ఒకటి నిర్మించినారు. దానిని బండు అనేవారు. చలికాలపు నీటిమట్టానికి, వేసవి వరద మట్టానికి నడుమ నలభై అడుగులకు పైగా భేదము ఉండే నది అది. చలికాలములో ఓడనుండి దిగిన కూలీ, భుజాన కావడితో, ఆ కట్ట మెట్లన్నీ ఎక్కవలసినదే. కట్టమీద చెట్ల నీడ, దాని వెనుక వరుసగా బ్యాంకులు, కాన్సలు కచేరీలు, వర్తకుల భవనాలు. ఆ వెనుక గిడ్డంగులు. ముందువైపు చూచినవాడికి అది ఐరోపా నగరము. వెనుక వీధులలోనికి పోతే గిడ్డంగులలో మోతలు మోసేవారు, తేయాకు ఏరేవారు, లెక్కలు వ్రాసేవారు అందరును చైనీయులే. విదేశీ వర్తకుడికి స్థానిక భాష రాదు. స్థానిక నాణెము తెలియదు. కనుక ప్రతి విదేశీ కంపెనీకి ఒక చైనీయ దుబాసీ తప్పనిసరి. కంప్రడోరు అని పిలువబడే ఈ దుబాసీ సరకు కొనిపెట్టేవాడు, పనివారికి పూచీ ఉండేవాడు, ఉభయులవద్దను తన భాగము తీసుకొనేవాడు. చెన్నపట్నపు దుబాసీల కథలు విన్న మనకు ఈ మనిషి కొత్తవాడేమీ కాడు.

ఇక అధికారుల సంగతి. ఒడంబడిక రేవులో విదేశీ అధికారులు రెండు తెగలుగా ఉండేవారు. ఈ రెండింటి భేదము తెలియనిదే ఆ రేవు స్వభావము తెలియదు.

మొదటి తెగవాడు కాన్సల్. ఆయన తన దేశపు ప్రభుత్వానికి ఉద్యోగి. తన దేశపు వర్తకులకు అండ. తన పేటలో రాజ్యాధికారము. అంతకంటె ముఖ్యముగా ఆయన న్యాయాధిపతి కూడ. ఒడంబడికల ప్రకారము చైనాలో నేరము చేసిన విదేశీయుని చైనా న్యాయస్థానము విచారింపరాదు. అతని కాన్సలే విచారించవలెను. ఒక చైనీయుడు ఒక విదేశీయునిపై ఫిర్యాదు చేయదలచినట్లయితే, ఆ విదేశీయుని దేశపు కాన్సల్ వద్దకు పోయి, ఆ దేశపు చట్టము ప్రకారము తీర్పు కోరవలసినదే. వాది చైనీయుడు, నేల చైనాది, తీర్పు మాత్రము పరదేశపుది.

రెండవ తెగవాడు సుంకాల కమిషనరు. ఈయన కూడ విదేశీయుడే, ఎక్కువగా బ్రిటిషువాడు. కాని ఈయనకు జీతమిచ్చే యజమాని చైనా ప్రభుత్వము! ఈ వింత ఏర్పాటు షాంఘైలో మొదలయినది. అక్కడి చైనీయ నగరము 1853లో తిరుగుబాటుదారుల చేత చిక్కి, సుంకము వసూలు చేసే దిక్కు లేకపోగా, 1854లో విదేశీ ఇన్‌స్పెక్టర్లను నియమించినారు. తాత్కాలికమనుకొన్న ఆ ఏర్పాటు క్రమముగా దేశమంతటికీ ఒక పెద్ద శాఖగా పెరిగినది. 1863లో ఆ శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన రాబర్ట్ హార్ట్ అనే ఐర్లండుదేశీయుడు దాదాపు అర్ధశతాబ్దము, 1911లో మరణించేవరకు, ఆ పదవిని వదలలేదు. మనము పనిచేసేది చైనా ప్రభుత్వానికి. ఆ దేశపు అధికారులతోను ప్రజలతోను మర్యాదగా మెలగవలెనని 1864లోనే ఆయన తన ఉద్యోగులకు ఒక సర్క్యులరు పంపినాడు.

హాంకౌ సుంకాల కచేరీ 1862 జనవరిలో తెరువబడినది. దానికి ఇద్దరు అధిపతులు. ఒకరు చైనా ప్రభుత్వపు దొర, సూపరింటెండెంటు. రెండవవారు విదేశీ కమిషనరు. ఓడలోని సరకు పరీక్షించి, ఇంత సుంకమని నిర్ణయించే పని కమిషనరుది. ఆ సొమ్మును మాత్రము కమిషనరు ముట్టుకొనేవాడు కాడు. వర్తకుడు దానిని సూపరింటెండెంటు అదుపులోని బ్యాంకులో చెల్లించి, రసీదు తెచ్చి చూపవలెను. లెక్క ఒకరి చేత, పైకము ఒకరి చేత! 1911 వరకు ఈ పద్ధతియే సాగినది. ఈ కచేరీ సుంకాలతో ఆగలేదు. నదిలో ఓడలకు దారి చూపే గుర్తులు, దీపాలు నిలిపినది. ఏటేటా వర్తక నివేదికలు అచ్చువేసినది. 1865 నుండి ప్రతిదినమూ నది నీటిమట్టము కొలిచి వ్రాసినది. నేటికీ యాంగ్‌ట్సీ వరదల చరిత్ర వ్రాసేవారికి ఆ అంకెలే ఆధారము. మంచి పనిని మంచిపని అనుటకు మనకు సంకోచము అక్కరలేదు.

అయితే ఆ కచేరీ వసూలు చేసే సుంకము ఎంత? అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. ఎగుమతి దిగుమతులపై సుంకము సామాన్యముగా విలువను బట్టి నూటికి 5 వంతున సంధులలోనే నిర్ణయమైనది. దానిని పెంచుకొనే స్వేచ్ఛ చైనాకు లేదు. తన దేశములో కొత్తగా పుట్టిన పరిశ్రమను కాపాడుకొనుటకు పరదేశపు బట్టపై సుంకము పెంచవలెనన్నా, ఒడంబడిక చేసుకొన్న రాజ్యాలన్నియు ఒప్పుకొనవలెను. ఇంతేకాదు. దేశములోపల తిరిగే సరకులపై రాష్ట్రాల అధికారులు దారిపొడుగునా లికిన్ అనే పన్ను వసూలు చేసేవారు. విదేశీ వర్తకుడు రేవు సుంకములో సగము, అనగా నూటికి రెండున్నర, అదనముగా చెల్లించి ఒక పత్రము తీసుకొంటే, దారిలోని ఠాణాలన్నీ దాటిపోవచ్చును. చైనీయ వర్తకుడు మాత్రము ప్రతి ఠాణాలోను చెల్లించవలెను. తన ఊరిలో తానే పరాయివాడగుట అంటే ఇదియే.

ఇక హాంకౌకు విదేశీయులను రప్పించిన సరకు తేయాకు. హూనాన్, హూబే రాష్ట్రాల కొండలలో పండిన తేయాకు మే నెలలో హాంకౌ చేరేది. ఆ వారాలలో ఊరంతా తేయాకు వాసనయే. విదేశీ కంపెనీల రుచి నిపుణులు నమూనాలను వేడినీళ్ళలో వేసి, ఒక్కొక్క చుక్క చప్పరించి, ధర చెప్పేవారు. 1869లో సూయజు కాలువ తెరుచుకొన్న తరువాత, కొత్త పంటను ముందుగా లండను చేర్చుటకు పొగ ఓడలు హాంకౌనుండియే పందెము వేసుకొని పరుగెత్తేవి.

ఆ తేయాకు తూకములోనే ఒక తగవు పుట్టినది. విదేశీ కంపెనీలు గిడ్డంగులలో తూచునప్పుడు తమకు నష్టము కలుగుతున్నదని చైనీయ వర్తకుల మొర. కాన్సల్ న్యాయస్థానానికి పోయి లాభము లేదని వారెరుగుదురు. కనుక 1883లో హాంకౌ తేయాకు వర్తక సంఘము అమ్మకాలనే నిలిపివేసినది. పంట వచ్చి పడియున్నది, ఓడలు ఎదురుచూస్తున్నవి, ఒక్క పెట్టె కదలదు. ఫిరంగి లేనివానికి కూడ ఒక బలము ఉన్నదని, అది కట్టుబాటు అని, ఆ సంఘము చూపినది. ఈ సంఘటనను మనము ముందుముందు జ్ఞాపకము ఉంచుకొనవలెను.

బ్రిటిషువారు నల్ల తేయాకు కొనగా, రష్యనులు ఇటుక తేయాకు చేసేవారు. తేయాకు పొడిని ఆవిరిపట్టి, అచ్చులలో పోసి, గట్టిగా నొక్కి ఇటుకలవలె తయారుచేసేవారు. మంగోలియా, సైబీరియా ప్రజలకు ఇది నిత్యావసరము. లిట్వినోవ్ మొదలైన రష్యను కంపెనీలు మొదట తేయాకు పండే పల్లెలలోనే ఈ పని చేయించి, 1870 ప్రాంతాల తరువాత హాంకౌకు మార్చి ఆవిరియంత్రాలు పెట్టినవి. ఆ ఇటుకలు కొంత దూరము నదులమీద, ఆపైన ఒంటెలమీద గోబీ ఎడారి దాటి కియాఖ్తా చేరేవి. 1891లో రష్యా యువరాజు నికొలాస్, తరువాత కాలములో చివరి జారు చక్రవర్తి అయినవాడు, స్వయముగా హాంకౌ వచ్చి తన దేశపు వర్తకుల ఆతిథ్యము స్వీకరించినాడంటే ఈ వ్యాపారపు ఘనత మనకు తెలియగలదు.

ఈ కథలో మన దేశానికి గల పాత్ర మనకు గర్వకారణము కాదు. హాంకౌకు దిగుమతి అయిన సరకులలో నల్లమందు ఒకటి. అది పట్నానుండియు మాళవమునుండియు వెళ్ళినది. 1858 ఏర్పాటు ప్రకారము పికుల్ ఒక్కింటికి 30 టేళ్ల వెండి సుంకము చెల్లిస్తే అది న్యాయమైన సరకే. మన రైతు చేత పండించి, వారి కూలీ చేత తాగించి, నడుమ లాభము మూడవవాడు పొందినాడు. భారతదేశమునుండి ఆ నల్లమందు ఎగుమతి తగ్గించుటకు 1907లో ఒప్పందము కుదిరిన తరువాత గాని అది క్రమముగా ఆగలేదు. ఇక రెండవది తేయాకు. అస్సాములో, సింహళములో తోటలు పెరిగి, యంత్రాలతో తయారైన ఆ తేయాకు 1880ల చివరికి బ్రిటనులో చైనా తేయాకును వెనుకకు నెట్టినది. హాంకౌలో బ్రిటిషు కొనుగోళ్ళు పడిపోయి, రష్యనులే ప్రధాన గిరాకీదారులుగా మిగిలినారు. 1917 విప్లవము తరువాత ఆ గిరాకీ కూడ కుప్పకూలి, ఇటుక తేయాకు కర్మాగారాలు మూతపడినవి.

అయినను హాంకౌ పడిపోలేదు. తుంగ నూనె, నువ్వులు, తోళ్ళు, గ్రుడ్ల సరకు ఎగుమతులు పెరిగినవి. 1889 నుండి అక్కడ రాజప్రతినిధిగా ఉన్న జాంగ్ జిదాంగ్, పరదేశీయుల విద్యను పరదేశీయులమీదికే తిప్పవలెనని తలచినాడు. హాన్యాంగ్‌లో ఆయన స్థాపించిన ఉక్కు కర్మాగారము 1894లో లోహము కరగించినది. బెల్జియను అప్పుతో వేసిన పెకింగు-హాంకౌ రైలుదారి 1906లో పూర్తియైనది. 1905లో కట్టిన పెద్ద గట్టు ఊరి వెనుకనున్న చిత్తడి నేలలను వరదనుండి కాపాడి, ఊరు పెరుగుటకు తావు ఇచ్చినది. ఆయన తెరచిన పాఠశాలలలోను, కొత్త పద్ధతిని తీర్చిన సైన్యములోను చదివిన యువకులు, ఆయన కొలిచిన రాజవంశాన్నే కూలదోస్తారని ఆయన ఊహించి ఉండడు.

1911 అక్టోబరు 9న హాంకౌ రష్యను పేటలోని ఒక ఇంటిలో బాంబు పేలినది. విప్లవకారులు అక్కడ రహస్యముగా బాంబులు తయారుచేస్తున్నారు. చైనా పోలీసులు రాలేని చోటు కనుకనే వారు ఆ పేటను ఎన్నుకొన్నారు. పరదేశపు పేట వర్తకుడికే కాదు, విప్లవకారుడికి కూడ నీడ ఇచ్చినది! కాని ఆ నీడ నమ్మదగినది కాదు. రష్యను పోలీసులు ఇల్లు సోదా చేయగా, సభ్యుల పేర్ల పట్టికలు చైనా అధికారుల చేతికి పోయినవి. మరునాటి తెల్లవారుజామున వూచాంగ్‌లో ముగ్గురు యువకుల తలలు తీసినారు. ఇక దాగి లాభము లేదని గ్రహించిన సైనికులు ఆ రాత్రియే తిరుగబడినారు. కొద్ది నెలలలో మంచూ రాజవంశము అంతరించినది. కాన్సళ్ళు తాము తటస్థులమని ప్రకటించినారు. రాజసైన్యము తిరిగివచ్చి చైనీయుల హాంకౌకు నిప్పుపెట్టినప్పుడు, పక్కనే ఉన్న విదేశీ పేటలు చెక్కుచెదరలేదు. ఒకే ఒడ్డున ఒక సగము మసియై, ఒక సగము దీపాలతో వెలుగుతూ ఉండెను.

విప్లవముతో తాళపుచెవి తిరిగి రాలేదు. పైగా మరి కొంత దూరమైనది. 1901 సంధిలో చైనాపై మోపిన 45 కోట్ల టేళ్ల జరిమానాకు, పాత అప్పులకు సుంకాల ఆదాయము తాకట్టులో ఉన్నది. 1911 తరువాత ఆ సొమ్ము చైనీయ బ్యాంకులకు పోక, విదేశీ బ్యాంకులలో జమపడసాగినది. లెక్కతోపాటు పైకము కూడ పరుల చేతికి పోయినది. ఆ రోజులలోనే, 1924లో, బ్రిటిషు పేట చైనీయ నగరాన్ని తాకే చోట గడియారపు గోపురముతో కొత్త సుంకాల భవనము పూర్తియైనది.

కాని అప్పటికే పేటలు ఒక్కొక్కటిగా రాలుతున్నవి. మొదటి ప్రపంచయుద్ధములో 1917లో చైనా జర్మనుల పేటను స్వాధీనము చేసుకొన్నది. రష్యనుల పేట 1924 నాటికి చైనాకు దక్కినది. 1925లో షాంఘైలో విద్యార్థులపై కాల్పులు జరిగినప్పుడు హాంకౌలో ప్రజలు వీధులలోనికి వచ్చినారు. బ్రిటిషు పేటవారు ఇక్కడ కూడ కాల్పులు జరిపి కొందరి ప్రాణాలు తీసినారు. మరుసటి సంవత్సరము జాతీయ సైన్యము దక్షిణమునుండి వచ్చి హాంకౌ పట్టుకొన్నది. 1927 జనవరి మొదటివారములో వేలాది జనము బ్రిటిషు పేట అంచున చేరినారు. బ్రిటిషు నావికులు ముందుగా అడ్డునిలిచినారు. కాని ఈసారి తుపాకి పేల్చక వెనుకకు తగ్గినారు. పేట జనము పాలైనది. చైనా పక్షాన ట్రినిడాడ్ ద్వీపములో జన్మించిన చెన్ యూరెన్, బ్రిటను పక్షాన ఓవెన్ ఓమాలీ కూర్చుండి మాట్లాడి, ఫిబ్రవరి 19న ఒప్పందముపై సంతకాలు చేసినారు. 66 ఏళ్ళ కౌలు రద్దయినది. తూకముకోసము 1883లో వర్తక సంఘము చూపిన కట్టుబాటును, ఇప్పుడు నేలకోసము నగరమంతా చూపినది.

సుంకముల స్వేచ్ఛ 1928 నుండి 1930 వరకు జరిగిన ఒప్పందాల వలన తిరిగి వచ్చినది. అందరికంటె చివర ఒప్పుకొన్నది జపాను. 1938లో, నాన్‌కింగ్ పోయిన తరువాత, హాంకౌయే చైనా పోరాటానికి గుండెకాయ అయినది. ఆ శరత్కాలములోనే భారత జాతీయ కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యుల బృందము, డాక్టరు కోట్నీసు అందులో ఒకరు, హాంకౌ చేరి క్షతగాత్రులకు సేవ చేసినది. అక్టోబరులో నగరము జపానీయుల వశమైనది. ఒకప్పుడు నల్లమందు పెట్టెలు వెళ్ళిన దారినే మన దేశమునుండి మందుల పెట్టెలు వెళ్ళినవని తలచినప్పుడు మన మనస్సుకు కొంత ఊరట కలుగుతుంది. 1943 జనవరిలో బ్రిటను, అమెరికా చైనాలో తమ ప్రత్యేక న్యాయాధికారాన్ని వదులుకొన్నవి. కాన్సల్ న్యాయపీఠము ఖాళీ అయినది.

హాంకౌ ఒడ్డున ఆ పాత భవనాలు చాలవరకు నేటికీ నిలిచి ఉన్నవి. 1931 ఆగస్టులో నీటిమట్టము 28.28 మీటర్లకు చేరి ఊరంతా మునిగిన మహావరదను అవి చూచినవి. 1957లో యాంగ్‌ట్సీపై మొదటి వంతెన లేచి, పడవ దాటు లేకుండ మూడు పట్టణాలు కలియుటను చూచినవి. సుంకాల భవనము ఇప్పుడు ఒక మ్యూజియము. నౌకల లెక్కలు వ్రాసిన గదులలో బడిపిల్లలు తిరుగుతున్నారు.

రోడ్లు బాగుండవచ్చును, దీపాలు బాగుండవచ్చును, లెక్కలు చక్కగా ఉండవచ్చును. రాబర్ట్ హార్ట్ వంటి నిజాయితీపరుడు దొరకవచ్చును. కాని ఇంటివాడు తన తలుపు ఎప్పుడు తెరువవలెనో, ఎంత తెరువవలెనో తాను నిర్ణయించుకొనలేనప్పుడు, ఆ ఇంటి వైభవము అతనిది కాదు. హాంకౌ ప్రజలు ఎనిమిది దశాబ్దాలకు పైగా నేర్చిన పాఠము ఇదియే. ఆ గోపురము మీది గడియారము పరులు కట్టినదే అయినా, ఇప్పుడు అది ఆ ఊరివారి కాలాన్నే కొలుస్తున్నది.